కొత్త బోటు దగ్గర నేనెత్తుకున్న పాట

నరసాపురం,
శనివారం సాయంత్రం.

పూజ్యులైన నాన్నగారికి, అమ్మకి,

మీ సలోమి వందనములు. నాకు ఒంట్లో బాగానే ఉంది. ఉత్తరం లావుగా ఉండటం చూసి అమ్మ కంగారుపడుతుందని ముందు ఆ మాట రాస్తున్నాను. జ్వరం లేదు, దగ్గు తగ్గింది, వేళకు తింటున్నాను. మీరందరూ ప్రభువు చల్లని నీడలో ఉన్నారని నమ్ముతున్నాను. అమ్మ మోకాలి నొప్పి ఎలా ఉంది? రామచంద్రపురం డాక్టరుగారిచ్చిన నూనె రోజూ రాసుకుంటోందా, లేక ఆ సీసా కూడా అలమరలోకి చేరిందా? తమ్ముడు కాలేజీకి సరిగ్గా వెళ్తున్నాడా?

మొన్న బూత్ నుంచి ఫోన్ చేసినప్పుడు మీరు "పాట ఎలా జరిగిందమ్మా" అని అడిగారు. నేను "బాగానే జరిగిందండి" అన్నాను. అది నిజం కాదు నాన్నగారూ. నా వెనక జనం నిలబడి ఉన్నారు, అద్దం తలుపు మూసుకోవడం లేదు. అవతల మీ గొంతు అంత సంతోషంగా ఉంది. మన సంఘంలో అందరికీ చెప్పానన్నారు, హార్మోనియం బాగు చేయించానన్నారు, క్రిస్మస్‌కి మనవాళ్ళతో పాడిస్తానన్నారు. అన్నిటికీ సరేనండి సరేనండి అని ఫోన్ పెట్టేసి, ఇంటికి వచ్చి, తలుపు వేసుకుని కూర్చున్నాను. ఎదురుగా చెప్పలేనిది కాగితం మీద చెప్పగలనని రాస్తున్నాను. కాగితం మీద మాత్రమే మాట్లాడటం నాకు మొదటినుంచీ ఉన్న జబ్బు. ఈసారి జరిగినదానికి కారణం కూడా అదే.

ముందు ఇక్కడి సంగతులు చెప్తాను. వానలు ఇంకా వెనక్కి తగ్గలేదు. ఉతికిన చీర రెండో రోజుకు గాని ఆరదు, ఆరినా ఉప్పుగాలికి బిరుసుగానే ఉంటుంది. బడిలో ఇంగ్లీషుతో పాటు తెలుగు కూడా నాకే ఇచ్చారు. పిల్లలు మంచివాళ్ళు. నేను మెల్లగా మాట్లాడతానని వెనక బెంచీవాళ్ళు కూడా ముందుకొచ్చి నేల మీద కూర్చుంటారు. హెడ్‌మిస్ట్రెస్‌గారు అది చూసి, "సలోమిగారూ, మీరు గొంతు పెంచండి, లేకపోతే బెంచీలు తీసేయిద్దాం" అన్నారు. నవ్వుతూనే అన్నారు లెండి.

నేనుండే గది రూతమ్మగారి ఇంట్లోదని మీకు తెలుసు. ఆవిడ బాగా చూసుకుంటారు. రోజూ చేపే. అమ్మ చేసినట్టు కందిపొడి వేసుకుని నెయ్యి అన్నం తినాలని ఉంది. ఇటు ఎవరైనా వస్తుంటే కొంచెం కందిపొడి పంపించండి. మధ్యాహ్నం నుంచి చుట్టుపక్కల ఆడవాళ్ళంతా మా అరుగు మీద చేరి లేసు అల్లుతూ మాట్లాడుకుంటారు. నేను లోపల కిటికీ దగ్గర పుస్తకం పట్టుకుని కూర్చుంటాను. వాళ్ళు పిలుస్తారు. "పేపర్లు దిద్దాలండి" అంటాను. దిద్దాల్సిన పేపర్లు లేకపోయినా అలాగే అంటాను. ఆదివారాలు మరీ ఒంటరిగా ఉంటుంది. మన ఇంట్లో ఆ వేళకు మీరు హార్మోనియం ముందు కూర్చుని ఉంటారని తలుచుకుంటాను.

పాట సంగతికి వస్తాను.

ఇక్కడి పాస్టరు అయ్యగారు ఒకరోజు ఆరాధన అయ్యాక నన్ను ఆపారు. గుడి బీరువాలో పాత ఇంగ్లీషు పాటల పుస్తకం ఉంటే నేను తీసి చదువుతుండగా చూశారట. "అమ్మా, నీకు ఇంగ్లీషు వచ్చు, తెలుగు వచ్చు. మన యాకోబు కొత్త బోటు దించుతున్నాడు. ప్రభువు తుఫానును ఆపిన భాగం మీద ఒక పాట తెలుగు చెయ్యకూడదూ?" అన్నారు.

"నాకు పాడటం రాదండి" అన్నాను.

"పాడేవాళ్ళకి మన సంఘంలో కరువేం లేదమ్మా. రాసేవాళ్ళే లేరు."

ఆ మాటకు నాకు లోపల ఎంత గర్వం కలిగిందో ఇప్పుడు తలుచుకుంటే ముఖం ఎక్కడ పెట్టుకోవాలో తెలియడం లేదు. మీరు ఇన్నేళ్ళుగా కీర్తనలు రాసి పాటల పుస్తకం కమిటీకి పంపడం, వాళ్ళు ఏ జవాబూ ఇవ్వకపోవడం చూస్తూ పెరిగాను. ఒక పాట కింద మన ఇంటి పేరు అచ్చులో పడితే మీకు చూపించాలని ఆశ పుట్టింది. మీకోసమే అనుకున్నాను. కొంత నాకోసం కూడా.

కాన్వెంటులో సిస్టర్‌గారు ప్రార్థనా మందిరంలో పాడించిన పాట ఒకటి నాకు కంఠతా వచ్చు. పడవలో ప్రభువు తలగడ మీద నిద్రపోతుంటాడు, గాలి లేస్తుంది, శిష్యులు భయపడతారు, ఆయన లేచి గాలిని గద్దిస్తాడు. దాన్నే తీసుకున్నాను. ప్రతిరోజూ బడి నుంచి వచ్చాక దాంతోనే కూర్చున్నాను. సముద్రం అనాలా సంద్రం అనాలా, పడవ అనాలా నావ అనాలా అని కొట్టేసి రాసి, రాసి కొట్టేసి, ఎంత సుఖంగా గడిచాయో ఆ సాయంత్రాలు. ఈ ఊరు వచ్చాక నేను ఒంటరితనం మర్చిపోయింది అప్పుడే. మొదటి చరణం ఇలా వచ్చింది.

గాలి లేచెను సంద్రము మీద
చీకటి కమ్మెను దారుల మీద
నావలోన నీవుండగ ప్రభువా
భయము లేదు మా బ్రతుకుల మీద

ఇంగ్లీషు మెట్టు, ఆ పాడే వరస, మనవాళ్ళ నోటికి పట్టదని, మన మెట్టు ఒకటి కావాలనుకున్నాను. మీరు నన్ను, తమ్ముణ్ణి నిద్రపుచ్చుతూ తీసిన రాగం ఉంది కదా, మాటలేమీ లేకుండా జోజో అంటూ పాడేవారు, నాయనమ్మ దగ్గర నేర్చుకున్నానని చెప్పేవారు. అది మనసులో అనుకుంటూ ఒక్కొక్క అక్షరం వేళ్ళ మీద లెక్కపెట్టుకుంటూ సరిపెట్టాను. అచ్చంగా సరిపోయింది. ఆ మెట్టు ఈ మాటల కోసమే పుట్టిందనిపించింది. మీకు ఆ విషయం చెప్పకుండా ఉంచాను. క్రిస్మస్‌కి వచ్చి పాడినప్పుడు మీ రాగాన్ని మీరే గుర్తుపట్టాలని.

కాని నాన్నగారూ, ఇన్నాళ్ళలో నేను ఒక్కసారి కూడా దాన్ని పైకి పాడలేదు. గోడకు అవతల రూతమ్మగారు ఉంటారు, అరుగు మీద ఆడవాళ్ళు ఉంటారు, నా గొంతు వాళ్ళు వింటారని సిగ్గు. అంతా మనసులోనే పాడుకున్నాను, పెదవి కూడా కదపలేదు. అయ్యగారు కాగితం చూసి, "బాగుందమ్మా. పైన మెట్టు పేరు రాయలేదేం?" అని అడిగారు. "దానికి పేరు లేదండి. మా ఇంట్లోది. నేను మొదలుపెడతాను, వాళ్ళే అందుకుంటారు" అన్నాను. ఒకసారి పాడి వినిపించమని ఆయన అడగబోయి, నా ముఖం చూసి ఊరుకున్నారు. నా మీద దయతలచి అడగలేదు. అడిగి ఉంటే బాగుండేది.

బజారులో కంప్యూటర్ మీద కొట్టించి జిరాక్సులు తీయించారు. అడుగున "తెలుగు అనువాదం: కుమారి సలోమి, బి.ఎ." అని వేయించారు. బి.ఎ. వద్దని నేను చెప్పలేదు.

ఆ రోజు ఉదయం రేవుకు సంఘం అంతా వచ్చింది. యాకోబుగారు, ఆయన తమ్ముళ్ళు కలిసి కట్టించుకున్న బోటు. నీలం రంగు, తెల్ల గీత. పందిరి లాగా మామిడాకులు, రంగు కాగితాలు కట్టారు. ఐసు నింపారు, డీజిలు పోశారు, వంటసామాను ఎక్కించారు. బోటు మీద పనిచేసే కళాసీలు అప్పటికే పైన ఉన్నారు. అయ్యగారు ఆ సువార్త భాగం చదివి, ప్రార్థన చేసి, "ఇప్పుడు మన టీచరమ్మగారు" అని నా వైపు చెయ్యి చూపించారు.

కళ్ళు కాగితం మీదే పెట్టుకుని మొదటి పాదం పాడాను. ఎవరికీ వినపడదేమో అనుకున్నాను. రెండో పాదానికి వెనక నుంచి ఎవరో అందుకున్నారు. మూడో పాదానికి అందరూ. మాటలు కాగితంలో చూసుకుంటున్నారు, రాగం మాత్రం నాకంటే బాగా పట్టుకున్నారు. ఎక్కడ ఆగాలో, ఎక్కడ లాగాలో వాళ్ళకు తెలుసు. నాన్నగారూ, ఆ క్షణంలో నాకు కలిగిన సంతోషం ఎలా చెప్పను. మీ రాగం ఈ ఊరి నోట పలుకుతోంది అనుకున్నాను. ఆ ధైర్యంతో తల ఎత్తి చూశాను.

మగవాళ్ళు తలగుడ్డలు తీసి చేతుల్లో పట్టుకుని ఉన్నారు. ఆడవాళ్ళలో కొందరు చీర చెంగు నోటికి అడ్డం పెట్టుకున్నారు. ఒక ముసలాయన మోకాళ్ళ మీదికి వంగిపోయి ఏడుస్తున్నాడు. ఎవరూ సముద్రం వైపు చూడటం లేదు, అందరూ నేల చూస్తున్నారు. పాడుతూనే ఉన్నారు, ఆపడం తెలియక పాడుతున్నట్టుగా. యాకోబుగారు బోటు అంచు మీద నుంచి కిందికి దిగారు. ఆయన వెనక తమ్ముళ్ళు దిగారు, వాళ్ళ వెనక కళాసీలు. చివరి చరణం అయ్యేసరికి బోటులో ఎవరూ లేరు.

నాకేమీ అర్థం కాలేదు. అయ్యగారు, "ఏంటి యాకోబూ?" అన్నారు.

"ఏం లేదండి. ఇవాళ్టికి వద్దులెండి" అన్నారాయన. నా వైపు చూసి, "పాట బావుందమ్మా" అని కూడా అన్నారు.

ఇంటికొచ్చాక రూతమ్మగారు మంచినీళ్ళిచ్చి పక్కన కూర్చున్నారు.

"ఆ మెట్టు నీకెవరు నేర్పారమ్మాయ్?"

"మా నాన్నగారండి. చిన్నప్పుడు నిద్రపుచ్చడానికి పాడేవారు."

ఆవిడ ఖాళీ గ్లాసు నా చేతిలోంచి తీసుకుని కింద పెట్టారు. తర్వాత చెప్పారు. "మా ఊళ్ళో అది పెట్టె ఎత్తినప్పుడు పాడేది. గుమ్మం దాటగానే మొదలుపెడితే సమాధుల తోట గేటు దగ్గర ఆపేస్తాం. మళ్ళీ ఇంకో పెట్టె లేస్తేనే. పిల్లలు తెలీక కూనిరాగం తీసినా చెంప మీద ఒకటి వేస్తాం. మీ వైపు అలా లేదు కాబోలు. నీ తప్పేముంది?"

"నాకు తెలీదండి."

"గోడ అవతలే కదమ్మా నేను పడుకునేది. ఒక్కసారి పాడుకోలేకపోయావా? నేను వచ్చి చెప్పేదాన్ని కదా."

అప్పటి నుంచీ నాకు ఆ మాటే వినిపిస్తోంది. నాన్నగారూ, తెలియకపోవడం తప్పు కాదని నాకూ తెలుసు. కాని తెలుసుకోవడానికి నోరు విప్పితే చాలు. నేను విప్పలేదు. వాళ్ళ ప్రాణాల కోసం పాడాల్సిన పాటను వాళ్ళలో ఒక్కరికి కూడా వినిపించకుండా తయారుచేశాను. ఆడవాళ్ళు రోజూ అరుగు మీదికి పిలుస్తూనే ఉన్నారు. నేను లేని పేపర్లు దిద్దుకుంటూ కూర్చున్నాను.

మిమ్మల్ని ఒకటి అడగాలి. నాయనమ్మ పుట్టిల్లు ఎక్కడ? ఈ తీరం వైపేనా? ఆవిడకు మీకంటే ముందు పుట్టిన పిల్లలు పోయారని అమ్మ ఒకసారి అన్నట్టు గుర్తు. మీకు ఆ రాగం గురించి ఏమైనా చెప్పారా? ఇన్నేళ్ళూ నేనెప్పుడూ అడగలేదు. మీకు బాధ కలిగితే జవాబు రాయకండి.

తర్వాతి ఆదివారం అయ్యగారు ప్రసంగంలో అదే విషయం ఎత్తుకున్నారు. నమ్మినవాళ్ళు శకునాలు చూడటం ఏమిటని గట్టిగా అడిగారు. "చదువుకున్న బిడ్డ ఎంతో శ్రమపడి సువార్తను మన భాషలో పాటగా తెస్తే, మీరు దాన్ని గుర్తించకుండా బోటు దిగిపోతారా? పడవలో ప్రభువుంటే ఏ మెట్టయితే ఏమిటి?" అన్నారు. ఆడవాళ్ళ వరసలో నా చుట్టూ ఉన్నవాళ్ళందరూ తలలు దించుకున్నారు. యాకోబుగారి భార్య మార్తమ్మగారు నా ముందు చాప మీదే ఉన్నారు. ఆవిడ మెడ వెనక భాగం నాకు కనిపిస్తోంది. తప్పు నాది, తిట్లు వాళ్ళకు. లేచి నిలబడి "అయ్యగారూ, వాళ్ళననకండి" అనాల్సింది. లేవలేదు. ఆరాధన అయ్యాక కూడా చెప్పలేదు. ఈ ఉత్తరంలో నాకు అన్నిటికంటే సిగ్గుగా ఉన్నది ఇదే. రేవులో జరిగింది తెలియక జరిగింది. గుడిలో నాకంతా తెలుసు.

బోటు రేవులోనే ఉండిపోయింది. ఐసు కరిగిపోయింది. కళాసీల్లో కొందరు వేరే బోట్ల మీద వెళ్ళిపోయారు. నేను బడికి వెళ్ళే దారి అదే, ఆ నీలం రంగు కనపడకుండా సందులోంచి తిరిగి వెళ్ళడం మొదలుపెట్టాను. రాజీనామా రాసుకున్నాను కూడా. దసరా సెలవులకు వచ్చి ఇంక తిరిగి వెళ్ళనని మీకు చెప్పాలనుకున్నాను.

అలా ఉండగా ఒక సాయంత్రం మార్తమ్మగారు వచ్చారు. గిన్నెలో చేపలు తెచ్చారు. నేను లోపలికి వెళ్ళిపోబోతే రూతమ్మగారు చెయ్యి పట్టుకుని అరుగు మీద కూర్చోబెట్టారు.

"మా మీద కోపమాండి టీచరుగారూ? సందులోంచి తిరిగెళ్తన్నారంట."

"కోపం కాదండి. మీకే నా మీద..."

"మాకెందుకండీ కోపం? మీరు కావాలని సేశారా ఏంటి." ఆవిడ గిన్నె పక్కన పెట్టి చెంగుతో చేతులు తుడుచుకున్నారు. "ఒక సాయం సెయ్యాలండి. మా ఆయన బోటెక్కనంటన్నాడు. అయ్యగారు అంతలా సెప్పినా ఎక్కనంటన్నాడు. ఆపిన గొంతే పంపాలంటన్నాడు. మీరొచ్చి ఇంకో పాట పాడి పంపించండి."

"ఏ పాటండి?"

"ఏదైనా సరేనండి. సండేస్కూలు పిల్లకాయలు పాడేదైనా సరే. సచ్చినోళ్ళది కాకపోతే సాలు." అని ఆవిడే నవ్వేశారు. రూతమ్మగారు నవ్వారు. నాకు ఏడుపొచ్చింది, తర్వాత నవ్వొచ్చింది.

"అయ్యగారికి తెలిస్తే" అన్నాను.

"తెలిస్తే మళ్ళీ ప్రసంగం సేస్తారండి. ఇంటాం. ఆయన మంచికే కదా సెప్తారు. కానీ ఆయన బోటెక్కరు కదండీ."

ఆ రాత్రి అయ్యగారింటికి వెళ్ళి అడగాలా వద్దా అని ఆలోచించాను. కాన్వెంటులో సిస్టర్‌గారు ఏమనేవారు, మీరు ఏమంటారు అని కూడా. ఇది మూఢనమ్మకమే. అయినా ఆ భయం నా వల్ల వాళ్ళ మెడకు చుట్టుకుంది, తీసేసే పని కూడా నాదే అనిపించింది. తెల్లవారగానే ముందు అయ్యగారింటికే వెళ్ళాను. గుమ్మంలోనే నిలబడి, "ఆ రోజు తప్పు నాదండి. నేను ఎవరికీ వినిపించలేదు. మీరు వాళ్ళను అంటున్నప్పుడు నేను ఊరుకుని ఉండాల్సింది కాదు. ఇప్పుడు రేవుకు వెళ్తున్నానండి" అని చెప్పాను. నా జన్మలో ఒక పెద్దాయనతో అన్ని మాటలు ఒక్కసారిగా మాట్లాడలేదు. ఆయన బ్రష్ నోట్లో పెట్టుకుని ఉన్నారు, జవాబు చెప్పడానికి వీలు కాలేదు. ఆయన ఉమ్మేసేదాకా నేను ఆగకుండా వచ్చేశాను.

రేవులో ఈసారి మామిడాకులు లేవు, కాగితాలు లేవు. యాకోబుగారి ఇంటివాళ్ళు, మా అరుగు మీది ఆడవాళ్ళు, అంతే. సండేస్కూల్లో అందరూ నేర్చుకునే పాటే ఎత్తుకున్నాను. రెండో చరణం మర్చిపోయాను. ఎన్నో ఏళ్ళుగా తెలిసిన పాట, ఒక్క మాట కూడా గుర్తు రాలేదు. నిలబడిపోయాను. మార్తమ్మగారు అందుకున్నారు, మిగిలినవాళ్ళు కలిశారు, నా గొంతు వాళ్ళ గొంతుల్లో ఎక్కడో కలిసిపోయింది. యాకోబుగారు తలగుడ్డ గట్టిగా బిగించి కట్టుకుని బోటెక్కారు.

"టీచరుగారూ, ఇంకో చరణం మర్చిపోండి. మావోళ్ళు మంచి ఊపు మీదున్నారు" అన్నారు పైనుంచి.

ఇంజను శబ్దం మొదలయ్యాక వెనక్కి తిరిగి చూస్తే, అయ్యగారు దూరంగా సైకిలు పట్టుకుని నిలబడి ఉన్నారు. దగ్గరికి రాలేదు. బోటు వంపు తిరిగేదాకా ఉండి వెళ్ళిపోయారు.

ఇక్కడితో ఆగి ఉంటే ఈ ఉత్తరం ఇంత లావు అయ్యేది కాదు. బోటు వెళ్ళాక గాలి తిరిగింది. రేడియోలో అల్పపీడనం అని చెప్తున్నారు. మీ వైపు కూడా వానలు పడుతూ ఉండాలి. ముందు వెళ్ళిన బోట్లు ఒక్కొక్కటే తిరిగొచ్చాయి. నీలం బోటు రాలేదు. దారిలో ఏదో రేవుకు చేరి ఉంటారని మగవాళ్ళు అంటున్నారు. అలా జరుగుతూ ఉంటుందట. కాకినాడ వైపు ఫోన్లు చేయిస్తున్నారు. ఎవరూ నన్ను ఒక్క మాట అనలేదు. అంటే బాగుండుననిపిస్తోంది.

నిన్న మార్తమ్మగారు అరుగు మీదికి వచ్చారు. లేసు తెచ్చుకున్నారు గాని అల్లడం లేదు. నేను పిలవకుండానే వెళ్ళి పక్కన కూర్చున్నాను.

"టీచరుగారూ, మీరు రాసిన పాట కాగితం ఉందా?"

"ఎందుకండీ అది. చించేద్దామనుకుంటున్నాను."

"పాడొద్దులెండి. సదవండి. ఆ రోజు మాటలు నా సెవికెక్కలేదు."

తెచ్చి చదివాను. మెట్టు లేకుండా చదువుతుంటే ఆ మాటలు చాలా పలచగా ఉన్నాయి. గాలి లేచింది, ప్రభువు ఉన్నాడు, భయం లేదు. తర్వాతి చరణం, ఆయన నిద్రించాడు, భయం లేదు. తర్వాత, ఆయన గద్దించాడు, సముద్రం నిమ్మళించింది. అయిపోయింది.

"అంతేనాండి?" అన్నారు మార్తమ్మగారు.

"అంతేనండి" అన్నాను.

ఆవిడ తల ఊపి, వాన వైపు చూస్తూ కూర్చున్నారు. నాకు మాత్రం తెలుసు నాన్నగారూ, అంతే కాదని. ఇంగ్లీషు పాటలో ఇంకో చరణం ఉంది. శిష్యులు ప్రభువును తట్టి లేపి, మేం చచ్చిపోతుంటే నీకు పట్టదా అని అడిగే చరణం. సువార్తలో ఉన్నదే. నేను దాన్ని వదిలేశాను. మెట్టులో ఇమడలేదని నాకు నేను చెప్పుకున్నాను గాని, నిజానికి ఆ మాట ప్రభువుతో అనడం మర్యాదగా లేదనిపించింది. పెద్దలు ఏమనుకుంటారో అనిపించింది. పడవలో ఉన్నవాళ్ళ మాట ఒక్కటే ఉంది ఆ పాటలో. దాన్నే తీసేశాను. గట్టు మీద కూర్చుని భయం లేదు భయం లేదు అని రాశాను.

రాత్రి ఆ చరణం చేశాను. నిద్ర పట్టక చేశాను. పొద్దున అరుగు మీద రూతమ్మగారికి, మార్తమ్మగారికి పైకి చదివి వినిపించాను. నా గొంతు బాగోలేదు. అయినా వినిపించాను.

లేవవయ్యా, నీరు లోనికి వచ్చె
లేవవయ్యా, చేతులలిసిపోయె
మేము మునిగిన నీకు చింత లేదా
లేవవయ్యా, మమ్ము చూడవయ్యా

దీనికి మెట్టు లేదు. మార్తమ్మగారు మాత్రం అది వింటూ పెదవులు కదుపుతున్నారు, ఇంటికి వెళ్తూ కూడా అదే అనుకుంటూ వెళ్ళారు. బాగుందో లేదో ఆవిడ చెప్పలేదు, నేను అడగలేదు.

నాన్నగారూ, దయచేసి ఆ పాటను మన సంఘంలో పాడించకండి. నా పేరు చెప్పిన చోటే, అమ్మాయి తొందరపడి చేసింది, సరిగ్గా రాలేదు అని చెప్పండి. చెప్పడం మీకు కష్టమని తెలుసు. ఆ బాధ మీకు పెట్టినందుకు క్షమించండి. హార్మోనియం బాగు చేయించారు కదా, క్రిస్మస్‌కి మీ కీర్తనల్లోది ఒకటి పాడించండి. నేను వెనక నిలబడి గట్టిగా పాడతాను.

ఇంట్లో ప్రార్థన చేసుకునేటప్పుడు యాకోబుగారిని, ఆయన తమ్ముళ్ళను, బోటు మీదున్న వాళ్ళందరినీ పేరుపేరునా తలుచుకోండి. అందరి పేర్లు నాకూ తెలియవు, యాకోబూ వాళ్ళు అంటే ప్రభువుకు తెలుస్తుంది. మన అయ్యగారికి, అమ్మగారికి నా వందనములు చెప్పండి. పక్కింటి పెద్దమ్మగారికి, మా సండేస్కూలు టీచరుగారికి కూడా. అమ్మను నూనె రాసుకోమనండి. తమ్ముడికి నా ముద్దులు. నాకోసం మీరిద్దరూ దిగులు పడకండి, నాకు ఇక్కడ ఏ లోటూ లేదు, నిజంగానే బాగున్నాను. మీ దీవెనలు మాత్రం కావాలి.

దసరా సెలవులు వచ్చే వారమే. బోటు రాకుండా నేను ఈ ఊరు వదిలి రాలేను. దాన్ని పంపిన గొంతు నాది. ఫోన్ చేయను, టెలిగ్రాం ఇవ్వను. బోటు రేవులోకి వచ్చిన రోజే పంటు మీద గోదావరి దాటి, సఖినేటిపల్లిలో బస్సెక్కుతాను. ఎప్పుడైనా నేను మన గుమ్మంలో నిలబడితే, వాళ్ళు క్షేమంగా వచ్చారని తెలుసుకోండి. నేను కనిపించనన్ని రోజులూ మార్తమ్మగారి పక్కన ఆ అరుగు మీదే ఉన్నానని అనుకోండి.

మీ ఆశీర్వాదం కోరే కుమార్తె,
సలోమి